మూడో తరగతి పిల్లాడికి బెత్తం ఏం నేర్పుతుంది?

సంపాదకుడు గారికి నమస్కారం.

బెత్తం పోయాకే పిల్లలు చెడిపోయారని పోయిన వారం మీ పత్రికలో ఒకాయన రాశారు. అప్పటి నుంచీ మనసు ఊరుకోవడం లేదు. 2025 మార్చిలో బొబ్బిలి దగ్గర పెంట హైస్కూల్ హెడ్మాస్టారు పిల్లల ముందు తానే గుంజీలు తీసినప్పుడు కూడా ఇదే మాట, టీచర్ల చేతులు కట్టేశారని. ఆ హెడ్మాస్టారి బాధ నాకు అర్థమైంది. కానీ పిల్లాడి వయసెంత అని ఒక్కరూ అడగరేం?

నెదర్లాండ్స్‌లోని లైడెన్ యూనివర్సిటీ వాళ్లు 2008లోనే చెప్పారు. 8, 9 ఏళ్ల పిల్లలు 'కరెక్ట్' అంటే చక్కగా నేర్చుకుంటారు, 'తప్పు' అంటే దాన్ని వాడుకోవడం వాళ్లకింకా రాదు. ఎక్కడ తప్పిందో వెనక్కి వెళ్లి వెతుక్కోవాలి కదా, ఆ వయసుకి అది బరువు. 12, 13 ఏళ్లకి తీరు మారుతుంది. అలాగని హైస్కూల్లో బెత్తం పట్టుకోమని కాదు. 2016లో లండన్‌లో 12 నుంచి 17 ఏళ్ల వాళ్లకి పాయింట్ల ఆట లాంటి పరీక్ష పెట్టి చూస్తే, పాయింట్లు వచ్చే చోట నేర్చుకున్నంత బాగా పాయింట్లు పోయే చోట నేర్చుకోలేదు. పెద్దవాళ్లు రెండు చోట్లా ఒకేలా నేర్చుకున్నారు. అక్కడ శిక్ష అంటే పాయింటు పోవడమే, వీపు మీద వాతలు కాదు.

మా మనవడు మూడో తరగతి. ప్రైవేటు స్కూలు, పేరెందుకు. డిక్టేషన్‌లో 10 మాటలకి 7 సరిగ్గా రాశాడు. ఆ ఏడింటికి ఒక్క టిక్కు లేదు, మిగతా మూడింటి మీద కాగితం చిరిగేలా ఎర్ర గీత, పైగా గోడకుర్చీ. ఏం తప్పు రాశావురా అంటే, "తెలీదు తాతయ్యా, మిస్‌కి కోపం వచ్చింది" అన్నాడు. వాడు నేర్చుకున్నది అదొక్కటే. నేను పక్కన కూచుని, 'అమ్మమ్మ'లో ఒత్తు పడినప్పుడల్లా శభాష్ అంటే పావుగంటలో పట్టేశాడు.

2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. కానీ వాతలు తేలిన ఫోటో పేపర్లో పడేదాకా అధికారులు కదలరు, కదిలితే ఒక నోటీసు. కొట్టొద్దన్నారు సరే, 50 మంది ఉన్న క్లాసులో దాని బదులు ఏం చెయ్యాలో టీచరుకి ఎవరు చూపించారు? ఆ టైమంతా యాప్‌లో ఫోటోలు ఎక్కించడానికే పోతోంది. మార్కులు తక్కువొచ్చిన పిల్లల పేర్లు వాట్సాప్ గ్రూపులో పెడితే అడిగే నాథుడు లేడు, అది వేధింపు కాదా?

శనివారం పేరెంట్స్ మీటింగ్. మా అబ్బాయికి సెలవు దొరకదట. ఆ నోటుపుస్తకం పట్టుకుని నేనే వెళ్తున్నాను.

- ఒక పాఠకుడు, తణుకు