నవంబరు వార్తాలేఖ: యుద్ధం గురించి పిల్లలు అడిగినప్పుడు

గౌరవనీయులైన తల్లిదండ్రులకు, సంరక్షకులకు నమస్కారం.

ప్రతి నెలా ఈ పేజీలో పరీక్షల తేదీలు, ఫీజు గడువులు, బస్సు వేళల మార్పుల గురించి రాస్తుంటాను. ఈసారి ఆ వివరాలన్నీ వెనక పేజీకి మార్చి, కొంతకాలంగా మా ఉపాధ్యాయుల గదిలో తరచూ చర్చకు వస్తున్న ఒక విషయానికి ఈ స్థలాన్ని కేటాయిస్తున్నాను. మన పిల్లలు యుద్ధాన్ని ఏ విధంగా చూస్తున్నారు, వారితో మనం ఏం మాట్లాడాలి అన్నదే ఆ విషయం.

మన తరానికి యుద్ధం ఎక్కువగా సాంఘిక శాస్త్రం పుస్తకంలోనే ఎదురయ్యేది. ఈ పిల్లలకు అది అన్నం తినే వేళ టీవీలోనూ, పడుకోబోయే ముందు ఫోన్‌లోనూ ఎదురవుతోంది. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద రష్యా దాడి మొదలైనప్పుడు, అక్కడ వైద్యవిద్య చదువుతున్న తెలుగు విద్యార్థుల తల్లిదండ్రులు ఫోన్ పక్కనే పెట్టుకుని ఎన్ని రాత్రులు మేలుకున్నారో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ తరువాత సూడాన్, గాజా వార్తలు వచ్చాయి. 2025 మే నెలలో మన సరిహద్దుల్లోనే కాల్పులు జరిగి, శ్రీ సత్యసాయి జిల్లాకు చెందిన ఒక యువ జవాను ప్రాణాలు కోల్పోయాడు. ఆ రోజుల్లోనే వీడియో గేముల్లోని దృశ్యాలు అసలైన యుద్ధ దృశ్యాలుగా ఒక ఫోన్ నుంచి మరో ఫోన్‌కు పాకాయి. వాటిని పంపినవారిలో పెద్దవాళ్లే ఎక్కువని నా అనుమానం. అప్పట్లో ఆరో తరగతి పిల్లలు ఎవరి విమానాలు ఎన్ని కూలాయో క్రికెట్ స్కోరులా చెప్పుకోవడం మేం విన్నాం. అదే తరగతిలోని మరో అమ్మాయి గుంటూరు మీద కూడా బాంబులు పడతాయా అని అడిగి, జవాబు వినకముందే ఏడ్చేసింది. ఈ రెండింటిలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మొదటిదే. భయపడిన బిడ్డను దగ్గర కూర్చోబెట్టుకుని ధైర్యం చెప్పగలం. చనిపోయినవారిని లెక్కపెట్టడం అలవాటైన బిడ్డకు ఆ లెక్కలో మనుషులున్నారని గుర్తుచేయడానికి ఎంతో కాలం, ఓర్పు కావాలి.

ఇలాంటి ప్రశ్నలకు "ఏమీ కాదులే, నువ్వు చదువుకో" అని చెప్పడం మనందరికీ అలవాటే. ఆ మాటలో ప్రేమ ఉన్నా, పిల్లలు అడిగినదానికి జవాబు మాత్రం లేదు. యుద్ధం సాగుతున్న రోజుల్లోనూ, అది ముగిశాకా సాధారణ మనుషులు నిజంగా ఏం చేశారో వివరంగా చెప్పగలిగితే, ధైర్యంగా ఉండమని విడిగా చెప్పవలసిన అవసరం అంతగా రాదని మేం భావించాం. అందువల్ల ఈ నెల ఆరు నుంచి తొమ్మిదో తరగతి వరకు లైబ్రరీ పీరియడ్లలో జరిగిన సంగతులనే చెబుతున్నాం. ఇంటికి వచ్చేసరికి వాటిలో సగమే మిగలవచ్చు కనుక, పూర్తి వివరాలు మీకు రాస్తున్నాను.

బాలల దినోత్సవానికి ముందు చిన్న తరగతులకు ఒక ఏనుగు గురించి చెప్పాం. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అప్పుడు పేలకుండా మిగిలిన ఒక బాంబు విశాఖ మ్యూజియంలో ఉంది. మన పిల్లల్లో కొందరు విహారయాత్రలో దాన్ని చూశారు కూడా. మరుసటి సంవత్సరం టోక్యోలో, వైమానిక దాడులు జరిగితే జంతువులు తప్పించుకుని ఊరి మీద పడతాయనే భయంతో, ఉయెనో జంతుప్రదర్శనశాలలోని ప్రమాదకరమైన జంతువులను చంపివేయాలని అధికారులు ఆదేశించారు. అక్కడి మూడు ఏనుగులు మేత లేక ఆకలితో చనిపోయాయి. యుద్ధం ముగిశాక, తమకు ఏనుగును చూడాలని ఉందంటూ టోక్యో పిల్లలు భారత ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూకు ఉత్తరాలు రాశారు. 1949లో ఆయన తన కుమార్తె పేరు పెట్టిన ఒక ఏనుగును ఓడలో వారికి పంపించారు. ఇందిర అనే ఆ ఏనుగు 1983 వరకు అక్కడ బతికింది.

ఇది విన్న ఏడో తరగతి విద్యార్థి ఒకడు, మన మీద బాంబులు వేసినవాళ్లకు మనం ఏనుగును ఎందుకిచ్చామని అడిగాడు. ఉపాధ్యాయురాలు తాను జవాబు చెప్పకుండా, ఆ ప్రశ్నను ఇంట్లో పెద్దలను అడిగి రమ్మన్నారు. కనుక అది మీ దగ్గరికి వస్తుంది. దయచేసి గూగుల్‌లో వెతక్కుండా మీకు తోచినదే చెప్పండి. నాకు తోచింది కూడా రాస్తాను. ఏనుగును పంపినందువల్ల విశాఖలో చనిపోయినవారిని మనం మరచిపోయినట్టు కాలేదు. ఆ బాంబు మ్యూజియంలోనే ఉంది, ఉండాలి కూడా. ఏనుగు కోసం ఉత్తరాలు రాసిన పిల్లలు మాత్రం ఆ బాంబు వేసినవారు కారు.

పెద్ద తరగతుల పిల్లలను ఎక్కువసేపు ఆలోచింపజేసింది విత్తనాల సంగతి. జర్మన్ సైన్యం 1941 సెప్టెంబరు 8 నుంచి 1944 జనవరి 27 వరకు, అంటే 872 రోజులపాటు, సోవియట్ యూనియన్‌లోని లెనిన్‌గ్రాడ్ (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) నగరాన్ని దిగ్బంధించింది. మొదటి చలికాలంలో పిల్లలకూ వృద్ధులకూ రోజుకు 125 గ్రాముల రొట్టె మాత్రమే అందిన రోజులున్నాయి. ఆ నగరంలోని ఒక పరిశోధన సంస్థలో, వృక్షశాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్, ఆయన సహచరులు దేశదేశాలు తిరిగి సేకరించిన వరి, గోధుమ, మొక్కజొన్న, చిక్కుడు, వేరుశనగ విత్తనాలు ఉండేవి. వాటిని కాపాడుతున్న శాస్త్రవేత్తల్లో పలువురు, చేతికందే దూరంలో తిండిగింజలు ఉండగానే, వాటిని ముట్టకుండా ఆకలితో చనిపోయారు. వారిలో వరి విత్తనాల బాధ్యత చూసిన శాస్త్రవేత్త చనిపోయినప్పుడు ఆయన చుట్టూ వేల పొట్లాల బియ్యపు గింజలు ఉన్నాయి. వావిలోవ్ అప్పటికే సొంత ప్రభుత్వం చేతిలో అరెస్టయి ఉన్నారు; ఆయన 1943లో సరాతోవ్ జైలులో మరణించారు. ఈ చివరి సంగతిని పిల్లలకు చెప్పాలా వద్దా అని మాలో మేం కొంత తర్జనభర్జన పడి, చెప్పాలనే నిర్ణయించుకున్నాం, ఎందుకంటే యుద్ధకాలంలో అన్యాయం శత్రువు వైపు నుంచి మాత్రమే వస్తుందని పిల్లలు అనుకోకూడదు.

ఇంట్లో మిరప విత్తనాల ధర గురించీ, నకిలీ విత్తనాల గురించీ వింటూ పెరిగే మన పిల్లలకు ఇది దూరపు కథగా అనిపించలేదు. అందరూ ఆ శాస్త్రవేత్తలను మెచ్చుకున్నారని మాత్రం అనుకోకండి. ఆ గింజలు వండి పస్తులున్న పిల్లలకు పెట్టవలసిందని తొమ్మిదో తరగతిలో నలుగురైదుగురు గట్టిగా వాదించారు. వాళ్లను మేం వారించలేదు. యుద్ధం ముగుస్తుందనీ, ముగిశాక ఎవరో ఒకరు దున్ని విత్తుతారనీ ఆ శాస్త్రవేత్తలు నమ్మారు. ఆ నమ్మకానికి వారు చెల్లించిన మూల్యం ఎంతటిదో వాదించినవారికే బాగా అర్థమైందని నాకు అనిపించింది. లాం ఫారంలో, అంటే మన దగ్గరి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో, పనిచేసే తల్లిదండ్రులు మనలో ఉన్నారు. వారిలో ఎవరైనా ఒక శనివారం వచ్చి, విత్తనాన్ని ఏళ్ల తరబడి మొలకశక్తి పోకుండా ఎలా నిలవ ఉంచుతారో పిల్లలకు చూపించగలిగితే మాకు ఎంతో మేలు చేసినవారవుతారు.

ఇక మనకు దగ్గరలో ఉన్న యుద్ధం. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధంలో గురజాల, మాచర్ల పక్షాలకు నాయకులైన నలగామరాజు, మలిదేవరాజు సవతి సోదరులు. నాగులేటి ఒడ్డున కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకు మొదలయ్యే వీరారాధన ఉత్సవాలు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అనే పేర్లతో అయిదు రోజులు సాగుతాయి. ఆ వీరుల వంశీకులమని చెప్పుకునేవారు కొణతాలు, అంటే ఆ వీరుల ఆయుధాలు, పట్టుకుని ఊరూరి నుంచి వస్తారు. మందపోరు నాడు చాపకూడు జరుగుతుంది. మాచర్ల పక్షపు మంత్రి బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ కలిపి కూర్చోబెట్టి భోజనం పెట్టించాడనే జ్ఞాపకానికి గుర్తుగా అందరూ ఒకచోట తింటారు. ఎనిమిది వందల ఏళ్లకు పైబడిన ఒక ఓటమిని, అందులో చనిపోయినవారిని గుర్తుచేసుకునే పద్ధతుల్లో కలిసి అన్నం తినడం ఒకటి కావడం నాకు ఎంతో విలువైన విషయంగా కనిపిస్తుంది. కోడిపందెం, పౌరుషం గురించి తెలిసినంతగా మన పిల్లలకు ఈ భోజనం గురించి తెలియదు. ఉత్సవాల రోజుల్లో రద్దీ ఎక్కువ కనుక, తొమ్మిదో తరగతిని డిసెంబరులో వీరుల గుడికి తీసుకువెళతాం. సమ్మతి పత్రం ఈ లేఖతో జతచేశాం.

డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినోత్సవం. మాజీ సైనికుల కుటుంబాల సంక్షేమం కోసం ఎప్పటిలాగే పిల్లలు విరాళాలు సేకరిస్తారు. పది రూపాయలకు మించి ఇవ్వవద్దని మనవి, ఎందుకంటే ఎవరు ఎక్కువ తెచ్చారనే పోటీ ఈ పనిలో ఉండకూడదు. మీ ఇళ్లలో సైన్యంలో పనిచేసిన తాతయ్యలు, మామయ్యలు ఉంటే, వారు గెలిచిన సంగతులతో పాటు పోగొట్టుకున్న స్నేహితుల గురించి కూడా చెప్పడానికి సిద్ధంగా ఉంటే, ప్రార్థనా సమావేశానికి తప్పక పంపండి. ఉక్రెయిన్ నుంచి తిరిగివచ్చిన అన్నయ్యలు, అక్కయ్యలు ఉన్నా చెప్పండి. ఖార్కివ్ నగరంలో మెట్రో స్టేషన్లలోనే తరగతులు నడుపుతున్నారని విన్నప్పటి నుంచి, అక్కడ బల్లలు ఎలా వేస్తారు, రైళ్ల చప్పుడు వినిపించదా అని పిల్లలు మమ్మల్ని అడుగుతున్నారు.

ఇంట్లో మీరు చేయవలసింది పెద్దగా లేదు. భోజన సమయంలో యుద్ధ వార్తల ఛానెల్ ఆపండి. ఫోన్‌కు వచ్చిన వీడియో నిజమో కాదో తెలియకపోతే, ఆ సంగతిని పిల్లల ముందే ఒప్పుకుని, దాన్ని ఇంకెవరికీ పంపకండి. ఫలానా దేశంవాళ్లందరూ ఇంతే అనే మాట మీ నోట వినిపిస్తే, మరునాడు ఉదయానికి అది మా తరగతి గదిలో వినిపిస్తుంది.

చివరిగా, ఈ నెల ఆఖరి శనివారం మధ్యాహ్నం పాఠశాల ఆవరణలో సహపంక్తి భోజనం ఉంటుంది. పిల్లలు, ఉపాధ్యాయులు, ఆయమ్మలు, బస్సు డ్రైవర్లు, వాచ్‌మన్ అందరూ ఒకే వరుసలో చాపల మీద కూర్చుంటారు. ఆ రోజు టిఫిన్ డబ్బాలు పంపవద్దు. ప్రతి ఇంటి నుంచి ఒక గిద్దెడు బియ్యం చాలు. అన్నం, పప్పు, గోంగూర పచ్చడి, మజ్జిగ వడ్డిస్తాం. మీ అబ్బాయికి లేదా అమ్మాయికి ఏదైనా పడకపోతే డైరీలో రాసి, గురువారంలోగా తరగతి ఉపాధ్యాయులకు అందేలా చూడండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు
గుంటూరు