వయొలిన్ బేస్ కొనబోతున్న రఘుకు

ప్రియమైన రఘూ,

నీ ఉత్తరం అందింది. వేళ్లు పొట్టివి, చేతిలో ఉన్న సొమ్ము అంతకంటే పొట్టిది, మనసు మాత్రం వయొలిన్ ఆకారపు బేస్ గిటార్ మీదే ఉందని నువ్వు రాసినది చదివి నవ్వుకున్నాను గానీ, ఆలోచించగా నీ మనసు సరైన చోటికే వెళ్లిందనిపించింది. అందం సంగతి అటుంచితే, నీకు అవసరమైన పొట్టి స్కేలు (మోగే తీగ పొడవు), తక్కువ బరువు రెండూ ఆ వాద్యంలో ఉన్నాయి.

మామూలు బేస్‌లో నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జ్ (పెట్టె మీద తీగలను ఎత్తి పట్టే దిమ్మ) వరకు తీగ పొడవు 34 అంగుళాలయితే, దీనిలో దాదాపు 30 అంగుళాలే. మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీలే ఫ్రెట్లు; మొదటి ఫ్రెట్ నుంచి నాలుగో ఫ్రెట్ వరకు పెద్ద బేస్‌లో వేళ్లు సుమారు 13 సెంటీమీటర్లు చాచాలి, ఇక్కడ పదకొండున్నర చాలు. పైగా అదే శ్రుతికి పొట్టి తీగను అంత బిగించనక్కరలేదు కనుక, అది వేలి కింద మెత్తగా ఉండి గుండ్రని నాదం ఇస్తుంది. అయితే అన్నిటికంటే మందమైన ‘ఈ’ తీగ కొన్ని చవక వాద్యాలలో వదులుగా, అస్పష్టంగా పలుకుతుంది. కాబట్టి ముందుగా దానినే మీటి చూడు.

ఈ ఆకారంలో అమెరికా కంపెనీ గిబ్సన్ 1953లోనే ఒక బేస్ తెచ్చినా, పేరు మాత్రం 1956లో వచ్చిన జర్మనీ కంపెనీ హాఫ్నర్ వారి 500/1కే దక్కింది. బీటిల్స్ బృందంలో బేస్ వాయించిన, ఎడమచేతి వాటం గల పాల్ మెక్‌కార్ట్నీ 1961లో హాంబర్గ్‌లో దానిని కొన్నాడు. రెండు వైపులా ఒకేలా ఉండే ఆకారం కనుక తిప్పి పట్టుకున్నా వికారంగా ఉండదన్నది ఆయన లెక్క. జర్మనీలో తయారయ్యేవి మనకు అందే ధరలో లేవు. కాబట్టి హాఫ్నర్ ఇగ్నిషన్, ఎపిఫోన్ వయోలా, ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి వాయించి చూడమని నా సలహా.

ఇగ్నిషన్‌లో బ్రిడ్జ్‌ను మరలతో బిగించరు. తీగల ఒత్తిడితోనే అది పలక మీద నిలబడుతుంది. దుకాణంలో ఎవరి చెయ్యో తగిలి పక్కకు జరిగిందంటే, ఎక్కడా నొక్కకుండా మీటిన ఖాళీ తీగ శ్రుతిలో ఉన్నా పై ఫ్రెట్ల దగ్గర స్వరాలన్నీ తప్పుతాయి. పన్నెండో ఫ్రెట్ మీద తీగను నొక్కకుండా తేలికగా తాకి మీటి, హార్మోనిక్ అనే గంటలాంటి స్వరం పలికించి, వెంటనే అక్కడే నొక్కి మీటు. రెండూ కలవకపోతే వాద్యాన్ని వద్దనేయకు, బ్రిడ్జ్‌ను కాస్త జరిపించు. నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే తోక వైపుకి, తగ్గితే మెడ వైపుకి. తరువాత తీగలు మార్చేటప్పుడు కూడా ఒక్కొక్కటిగానే మార్చాలి. అన్నీ ఒకేసారి విప్పితే బ్రిడ్జ్ ఊడి చేతికి వస్తుంది.

వంకర మెడ, అంచులు గీరుకునే ఫ్రెట్లు ఉంటే మాత్రం ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు. పెట్టె బోలుగా, తేలికగా ఉండటం వల్ల పట్టీ తగిలించుకొని చేతులు వదిలితే తల వైపు కిందికి వాలవచ్చు. వెడల్పాటి గరుకు పట్టీతో అది చాలావరకు సర్దుకుంటుంది. బోలు పెట్టెకే మరో గుణం ఉంది, యాంప్‌కు (శబ్దాన్ని పెంచి వినిపించే పెట్టెకు) దగ్గరగా నిలబడి శబ్దం పెంచితే ఊళ పెడుతుంది. హాఫ్నర్ మీదుండే చిన్న స్విచ్‌లు మొదట్లో తికమక పెడతాయి గానీ అలవాటవుతాయి.

వాద్యం మీద కొంత తగ్గించుకొని అయినా ఫ్లాట్‌వౌండ్ తీగలకు (చదునైన రేకు చుట్టిన నున్నని తీగలకు) డబ్బు మిగుల్చుకో. నీకు నచ్చిన ఆ పాత, మెత్తని ధ్వనిలో సగం పైగా వాటిదే అని నా నమ్మకం. తీగ చివరి లోహపు గుండును తగిలించే చోటు బ్రిడ్జ్‌కు బాగా వెనక ఉంటుంది గనుక, పొట్టి స్కేలు తీగలలో కొన్ని సరిపోవు. అక్కడి నుంచి నట్ దాకా టేపుతో కొలిచి, ఆ కొలత నాకు రాసి పంపితే ఏ తీగలు కొనాలో చెబుతాను.

నీ
మాధవ్