డిప్రెషన్ కాగితం కూడా మెడికల్ సర్టిఫికెట్టే: విద్యాశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

మంత్రిగారికి నమస్కారాలు.

ఇది నా నాలుగో అర్జీ. మొదటి మూడింటికీ 'మీ దరఖాస్తు అందింది' అన్న రసీదు తప్ప ఇంకో మాట రాలేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

నా క్లాసులో ఒక అమ్మాయి ఉండేది. పరీక్షలు దగ్గరపడేకొద్దీ జలుబు, నోటిపూత, ఒళ్లునొప్పులు. తర్వాత తిండి తగ్గించింది, మాట తగ్గించింది, పొద్దున్నే మంచం దిగడమే కష్టమైంది. డాక్టర్ డిప్రెషన్ అని రాసిచ్చారు. హాజరు మినహాయింపుకి ఆ కాగితం చెల్లదని అధికారులు అన్నారు. జ్వరమైతే సరేనట. "ఇది మనసుకి సంబంధించింది కదండీ" అన్నారు. అక్కడ నాకు నోట మాట రాలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

జ్వరం వస్తే మనకి అన్నం సయించదు, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు, పడుకునే ఉండాలనిపిస్తుంది. రోగనిరోధక కణాలు వదిలే సైటోకైన్లనే ప్రోటీన్లు మెదడు మీద చూపే ప్రభావం అది. ఆ పిల్లలో నేను చూసినవీ అవే లక్షణాలు. హెపటైటిస్-సి రోగులకి ఇంటర్‌ఫెరాన్ (అదీ ఒక సైటోకైనే) ఇంజెక్షన్లు ఇచ్చిన రోజుల్లో, అంతకుముందు ఏ దిగులూ లేనివాళ్లు కూడా చాలామంది డిప్రెషన్‌లోకి జారారు. 1998లో వెలువడిన ఒక అమెరికన్ పరిశోధనలో 11 మంది దంతవైద్య విద్యార్థుల అంగిట్లో చిన్న గాయం చేసి చూశారు. వేసవి సెలవుల్లో కంటే పరీక్షలప్పుడు అది మానడానికి సగటున 3 రోజులు ఎక్కువ పట్టింది. పరీక్షల టెన్షన్ ఒంట్లోకి దిగుతుందనడానికి ఇంతకంటే ఏం కావాలి?

రోగనిరోధక కణాలు ఇలా రేగి ఉండటాన్నే ఇన్‌ఫ్లమేషన్ అంటారు. డిప్రెషన్ ఉన్న అందరిలోనూ అది ఉండదు. సుమారు నాలుగో వంతు మందిలోనే రక్తంలో సీఆర్పీ (ఇన్‌ఫ్లమేషన్‌ని పట్టిచ్చే ఒక ప్రోటీన్) పెరిగి కనిపిస్తుంది. కాబట్టి పిల్లలకి రక్తపరీక్షలు పెట్టమని నేను అడగడం లేదు. డాక్టర్ మాట నమ్మండి చాలు.

ప్రతి కాలేజీలో కౌన్సెలర్‌ని వేస్తామన్నారు. మాకు గది ఇచ్చారు, బల్ల వేశారు, మనిషిని పంపలేదు. ఏడాదిన్నరగా ఆ గదికి తాళమే. రాత్రి 11 దాకా స్టడీ అవర్లు, తెల్లారి 5కి మళ్లీ లేపడం. నిద్ర చాలకపోయినా ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ పెరుగుతుందని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. దయచేసి ఆ వేళలైనా మార్చండి. కౌన్సెలర్‌ని పంపండి. ఆ కాగితాన్ని చెల్లనివ్వండి.

ఆ అమ్మాయికి ఏడాది పోయింది. ఇప్పుడు ఇంకో అబ్బాయి పది రోజులుగా క్లాసుకి రావడం లేదు. వాళ్లమ్మ తెచ్చిచ్చిన డాక్టర్ కాగితం నా దగ్గరే ఉంది. ఎవరికివ్వమంటారో చెప్పండి.

ఇట్లు,
ఒక అధ్యాపకురాలు