గేర్ రాడ్ ‘పి’ (పార్కు) దగ్గర ఇరుక్కుంటే ముందు బ్రేక్ లైట్లు చూడాలి: కార్ల కంపెనీకి ఫిర్యాదు లేఖ

విశాఖపట్నం

కస్టమర్ సేవల విభాగం అధిపతి గారికి,

విషయం: ఆటోమేటిక్ కారు గేర్ రాడ్ పార్కు నుంచి కదలకపోవడం, మీ సర్వీస్ సెంటరు అసలు కారణం చూడకుండా బండి అప్పగించడం, చక్రాలు బిగుసుకున్న బండిని తాడు కట్టి ఈడ్చడం గురించి.

అయ్యా,

నాది మీ కంపెనీ సీవీటీ (ఒక రకం ఆటోమేటిక్ గేర్‌బాక్సు) కారు. కొన్నప్పటి నుంచీ ప్రతి సర్వీసూ మీ అధీకృత సర్వీస్ సెంటరులోనే చేయించాను. ఎక్స్‌టెండెడ్ వారంటీకి డబ్బు కూడా ముందే కట్టాను. గేర్ రాడ్ ఇరుక్కోవడం ఒక్కటే అయితే ఇంత పొడుగు ఉత్తరం రాసేవాణ్ణి కాదు. యంత్రం అన్నాక ఎప్పుడో ఒకప్పుడు మొరాయిస్తుంది. కానీ రాడ్‌ను ఆపేసిన ఆ చిన్న స్విచ్చే నా బండి బ్రేక్ లైట్లనూ ఆర్పేసింది. మీవాళ్లు రాడ్‌కు గ్రీజు పూసి, బ్రేక్ లైట్లు వెలగని బండిని నా చేతికిచ్చి హైవే మీదికి పంపారు. నా ఫిర్యాదులో ముఖ్యమైనది ఇదే. మిగతావన్నీ దీని వెనక వచ్చినవే.

ఒక ఉదయం సీతమ్మధారలో మా అపార్ట్‌మెంట్ సెల్లారులో ఇంజన్ మామూలుగానే స్టార్ట్ అయింది. బ్రేక్ తొక్కి, బటన్ నొక్కి, రాడ్ లాగితే ‘పి’ దగ్గర నుంచి కదల్లేదు. రోజూ బ్రేక్ తొక్కగానే రాడ్ కింద నుంచి ‘టక్’మని చిన్న చప్పుడు వచ్చేది. ఆ రోజు రాలేదు. పెడల్ వదిలి మళ్లీ మళ్లీ తొక్కగా కాసేపటికి ఆ చప్పుడు వచ్చింది, రాడ్ కదిలింది. బండిని అటునుంచి అటే సర్వీస్ సెంటరుకు తీసుకెళ్లి, చప్పుడు రాకపోవడం సంగతి కూడా సర్వీస్ అడ్వైజరుకు విడమరిచి చెప్పాను. ఆయన జాబ్ కార్డులో రాసుకున్నది ‘గేర్ లివర్ టైట్’ అని మాత్రమే. సాయంత్రం బండి తిరిగి ఇచ్చినప్పుడు అదే కార్డు మీద ‘గ్రీజింగ్ చేశాం, ఓకే’ అని ఉంది. ఆ కాపీ జతపరిచాను.

ఇది ఎలా పనిచేస్తుందో మీ ఇంజినీర్లకు నేను చెప్పనక్కర్లేదు. ఈ ఉత్తరం ముందుగా చదివేది వాళ్లు కాదు కాబట్టి రాస్తున్నాను. బ్రేక్ పెడల్ పై భాగాన, డ్యాష్ బోర్డు కింద, వేలెడంత స్విచ్చి ఒకటి ఉంటుంది. పెడల్ కదలగానే అందులో కాంటాక్టులు కలిసి వెనక బ్రేక్ లైట్లు వెలుగుతాయి. డ్రైవరు బ్రేక్ తొక్కాడన్న కబురు ఆ స్విచ్చి నుంచే గేర్ రాడ్ కింద ఉన్న సొలినాయిడ్‌కూ చేరుతుంది. సొలినాయిడ్ అంటే కరెంటు తగలగానే అయస్కాంతంగా మారి పిన్నును లాగే తీగచుట్ట. ఆ పిన్ను పక్కకు తప్పుకుంటేనే రాడ్ ‘పి’ దాటుతుంది. మనకు వినిపించే ‘టక్’ ఆ పిన్నుదే.

కాబట్టి రాడ్ ఇరుక్కుందని ఎవరైనా వస్తే ముందు చూడాల్సినవి రెండే: బ్రేక్ లైట్లు, ఆ ‘టక్’ చప్పుడు. ఒక మనిషి బ్రేక్ తొక్కాలి, ఇంకో మనిషి వెనక నిలబడి లైట్లు చూడాలి. లైట్లూ లేవు, చప్పుడూ లేదంటే స్విచ్చి మీదో దాని ఫ్యూజు మీదో అనుమానం. లైట్లు వెలుగుతూ చప్పుడు రాకపోతే సొలినాయిడో దాని వైరో చూడాలి, బ్యాటరీ నీరసించిందేమో కూడా చూడాలి. రెండూ ఉండి కూడా రాడ్ కదలకపోతే అప్పుడు రాడ్ దగ్గరే ఏదో ఉన్నట్టు: కేబులు, బటన్, లోపల ఒలికి గట్టిపడిన కూల్ డ్రింకు, ఇలాంటివి. ఏటవాలులో హ్యాండ్ బ్రేక్ వేయకుండా ‘పి’లో వదిలేస్తే బండి బరువంతా గేర్‌బాక్సులోని పార్కింగ్ కొక్కెం మీద పడి రాడ్ బిగుసుకునే మాటా నిజమే. అయితే మా సెల్లారు నేల చదునుగా ఉంటుంది, నేను హ్యాండ్ బ్రేక్ వేయకుండా బండి దిగను. ఈ పరీక్షకు స్పానరు కూడా అక్కర్లేదు, నిమిషం చాలు. మన దగ్గర ఏఎంటీ (మాన్యువల్ గేర్‌బాక్సులో గేర్లను యంత్రమే మార్చే రకం) కార్లలో చాలావాటికి అసలు ‘పి’ ఉండదు, అందుకని బయటి మెకానిక్కుకు ఇది కొత్త అనిపించవచ్చు. మీ బోర్డు పెట్టుకుని మీ కార్లే బాగుచేసే చోట ఆ మాట చెల్లదు.

ఈ లాక్ మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఇంజన్ ఆన్‌లో ఉండగా ముందు సీట్లో ఉన్న పిల్లలు రాడ్ లాగితే బండి కదలకుండా కాపాడేది ఇదే. అమెరికాలో 2010 సెప్టెంబరు 1 నుంచి తయారైన ఆటోమేటిక్ కార్లకు దీన్ని చట్టమే తప్పనిసరి చేసింది. మీరు పెట్టిన లాక్ నా బండిలో తన పని తాను సరిగ్గానే చేసింది. బ్రేక్ తొక్కిన కబురు తనకు అందడం లేదని చెప్పింది. వినాల్సినవాళ్లు వినలేదు.

గ్రీజు పూయించుకున్న తర్వాత పని మీద అనకాపల్లి వెళుతున్నాను. 16వ నంబరు జాతీయ రహదారి మీద లంకెలపాలెం కూడలిలో ఆగితే, వెనక లారీ క్లీనరు దిగి పరుగున వచ్చి నా అద్దం తట్టాడు. “ఏటి సార్, బ్రేకు లైటు రాట్లేదు! కొద్దిలో గుద్దేసేవోళ్లం” అన్నాడు. అతని గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువగా ఉంది. వెనక సీట్లో మా అమ్మ ఉంది. లోడు లారీ మమ్మల్ని గుద్దకుండా ఆగిందంటే ఆ డ్రైవరు చలవ. బండి పక్కకు తీసి చూపించుకుంటే, పెడల్ తొక్కినప్పుడల్లా ఒకసారి వెలిగి నాలుగుసార్లు వెలగడం లేదు. రాడ్ కూడా ఒకసారి వచ్చి ఇంకోసారి రాకపోవడానికి కారణం అదేనని అప్పుడు అర్థమైంది.

అక్కడి నుంచే సర్వీస్ సెంటరుకు ఫోన్ చేశాను. ‘బల్బులు పోయుంటాయి సార్, వచ్చే సర్వీసులో చూద్దాం’ అన్నారు. ఎడమ లైటు, కుడి లైటు, వెనక అద్దం దగ్గరి మూడో లైటు, మూడూ ఒక్కసారే పోతాయా? పోయిన బల్బు మధ్యమధ్యలో వెలుగుతుందా? ఆ మాట అడిగితే, స్లాటు లేదు, రెండు రోజులాగి రమ్మన్నారు. బ్రేక్ లైట్లు లేవని కస్టమరు హైవే మీద నుంచి చెబుతుంటే, బండి కదపకండి మేమే వస్తాం అనాల్సిన బాధ్యత వాళ్లకు లేదా?

ఆ రెండు రోజుల్లోపే అమ్మను కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది. ఆసుపత్రి మా ఇంటికి పక్క వీధే. తిరిగి బయల్దేరేటప్పుడు అక్కడి సెల్లారులో రాడ్ పూర్తిగా బిగుసుకుంది. ఈసారి ఎంత తొక్కినా చప్పుడు రాలేదు. మీ రోడ్‌సైడ్ అసిస్టెన్స్ నంబరుకు ఫోన్ చేస్తే, మాట్లాడినావిడ బండి నంబరు, లొకేషన్ అడిగారే తప్ప లైట్ల మాట ఎత్తలేదు. రాడ్‌ను న్యూట్రల్లోకి తెచ్చే దారి ఏమైనా ఉందా అని నేనే అడిగాను. ‘అలాంటిదేమీ లేదు సార్, బండిని టో చేయాల్సిందే’ అన్నారు.

వచ్చిన ఫ్లాట్‌బెడ్ (బండిని పైకెక్కించుకుని మోసే లారీ) సెల్లారులోకి పట్టలేదు, పైకప్పు తక్కువ ఎత్తు. దాంతో ఆ మనిషి ముందు హుక్కుకు తాడు కట్టి, ఇంకో బండితో ర్యాంపు మీదుగా పైకి ఈడ్చాడు. నాది ముందు చక్రాలతో నడిచే కారు. ‘పి’లో ఉన్నప్పుడు గేర్‌బాక్సు లోపల ఉక్కు కొక్కెం పళ్ల చక్రంలో పడి ముందు చక్రాలను కట్టేస్తుంది. అలాంటి బండిని ముందు చక్రాలు పైకెత్తి గానీ, చక్రాల కింద ట్రాలీలు పెట్టి గానీ కదపాలి. నేను వద్దు వద్దంటున్నా వినకుండా లాగారు. నేల మీద రెండు నల్లటి చారలు, కాలిన రబ్బరు వాసన, కింద నుంచి లోహం గీసుకున్నట్టు కీచుమనే చప్పుడు. వాచ్‌మన్ సైతం అడ్డం వచ్చి ఆపబోయాడు. ఆ చారల ఫొటోలు, టైర్ల ఫొటోలు జతపరిచాను.

మర్నాడు సర్వీస్ సెంటరు ఎస్టిమేట్ పంపింది: గేర్ లివర్ అసెంబ్లీ మొత్తం మార్చాలి, గేర్‌బాక్సు తనిఖీ చేయాలి, పన్నులతో కలిపి రూ. 31,860. కారణం ఏమిటని అడిగితే ‘లివర్ జామ్’ అన్నారు. బ్రేక్ లైట్లు చూశారా అంటే జవాబు లేదు.

మా తోడల్లుడు గాజువాకలో ఆటో ఎలక్ట్రీషియన్. అతన్ని వెంటబెట్టుకుని మీ యార్డుకు వెళ్లాను. అడ్వైజరు గారినే బండి వెనక నిలబడమని, నేను బ్రేక్ తొక్కాను. ఒక్క లైటూ వెలగలేదు. ఫ్యూజు తీసి చూస్తే బాగానే ఉంది. టెస్ట్ ల్యాంపు పెడితే స్విచ్చిలోకి కరెంటు వస్తోంది, పెడల్ ఎంత తొక్కినా అవతలి వైరుకు దాటడం లేదు. ఆ తర్వాత అతను హ్యాండ్ బ్రేక్ వేయించి, రాడ్ పక్కన గోరుతో పట్టేంత చిన్న మూత తీశాడు. ఆ కన్నంలోకి తాళంచెవి మొన దించి నొక్కుతూ రాడ్ లాగితే వెన్నలా న్యూట్రల్లోకి వచ్చేసింది. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ‘లేదు’ అన్న దారి అదే! మీ కారులో మీరే పెట్టిన దారి. అది మీ కాల్ సెంటరుకు తెలియదు, టోయింగ్ మనిషికి తెలియదు. తెలిసి ఉంటే ఆ రోజు నలుగురం చేతులతో బండిని నెట్టుకుంటూ ర్యాంపు ఎక్కించేవాళ్లం.

ఇంత చూశాక కూడా, అసెంబ్లీకి ఒప్పుకుంటేనే బండి ముట్టుకుంటామన్నారు. మీ స్పేర్ పార్ట్స్ కౌంటరులోనే ఒరిజినల్ స్విచ్చి కొన్నాను. దాని ఖరీదు వందల్లోనే ఉంది, బిల్లు జతపరిచాను. బ్రేక్ లైట్లు లేని బండిని నడపడం నాకు ఇష్టం లేక, సొంత ఖర్చుతో ఫ్లాట్‌బెడ్ మీద ఇంటికి తెచ్చుకున్నాను. స్విచ్చి మార్చగానే మూడు లైట్లూ వెలిగాయి, ‘టక్’ వినపడింది, రాడ్ కదిలింది. మీవాళ్లు మొత్తం మార్చాలన్న ఆ అసెంబ్లీయే ఈ రోజుకీ నా బండిలో భేషుగ్గా పనిచేస్తోంది.

ఇక బయటి మనిషి వైరింగు ముట్టుకున్నాడు కాబట్టి ఎక్స్‌టెండెడ్ వారంటీ చెల్లదని సర్వీస్ సెంటరు మెసేజ్ పంపింది. ఆ మనిషి వైరు కోయలేదు, అతుకు వేయలేదు. మీ దగ్గర కొన్న స్విచ్చిని ప్లగ్ తీసి ప్లగ్ పెట్టాడు. తాము చేయనన్న పనిని ఇంకొకరు చేసినందుకు నాకు శిక్షా?

కంపెనీని నేను కోరుతున్నది ఇది. చక్రాలు బిగుసుకున్న బండిని ఈడ్చినందువల్ల పార్కింగ్ కొక్కెం, డ్రైవ్ షాఫ్టులు, ముందు టైర్లు దెబ్బతిన్నాయో లేదో మీ ఖర్చుతో, సర్వీస్ సెంటరుతో సంబంధం లేని మీ ఇంజినీరు చేత పరీక్ష చేయించి, లిఖితపూర్వక రిపోర్టు ఇప్పించండి. ఏటవాలులో ఆ కొక్కెమే బండిని పట్టుకోవాలి కాబట్టి ఇందులో నేను రాజీపడలేను. గ్రీజింగ్‌కు, టోయింగ్‌కు, స్విచ్చికి నేను కట్టిన డబ్బు వాపసు ఇవ్వండి. వారంటీ చెల్లదన్న మెసేజ్‌ను వెనక్కి తీసుకుంటూ ఉత్తరం రాయండి.

నా ఒక్కడి బండితో తీరేది కాని పని కూడా ఉంది. రాడ్ ఇరుక్కుందని ఏ కస్టమరు వచ్చినా బ్రేక్ లైట్లు చూడకుండా జాబ్ కార్డు మూయకూడదని మీ సర్వీస్ సెంటర్లన్నిటికీ ఆదేశం పంపండి. ఆ మూత ఎక్కడుందో, ఎలా నొక్కాలో బొమ్మతో సహా తెలుగులో ఒక పేజీ అచ్చువేసి బండితో పాటు ఇవ్వండి. ఇక్కడ కార్లు నడిపేవాళ్లలో ఇంగ్లిష్ మాన్యువల్ చదవలేని డ్రైవర్లు ఎందరో ఉన్నారు. ఇదే స్విచ్చి మీద ఇంకెన్ని ఫిర్యాదులు వచ్చాయో మీ రికార్డుల్లో చూడండి. తయారీదారు లోపాన్ని గుర్తిస్తే కేంద్ర ప్రభుత్వానికి తెలియజేసి బండ్లను వెనక్కి పిలిపించాలని మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 110ఎ సెక్షన్ చెబుతోంది. బ్రేక్ లైట్లు వెలగకపోతే దెబ్బ నాకే కాదు, నా వెనక వచ్చే బైకు మనిషికి కూడా.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాను. రాకపోతే 1915 నంబరు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేసి, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద సేవాలోపం, ఉత్పత్తి లోపం రెండింటి మీదా విశాఖపట్నం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. టోయింగ్ వ్యవహారంలో ఆసుపత్రి సెల్లారు సీసీటీవీ రికార్డింగును భద్రపరచమని ఆసుపత్రివారిని ఇప్పటికే లిఖితపూర్వకంగా కోరాను. పరీక్షకు మీ ఇంజినీరు ఎప్పుడు వచ్చినా బండి సిద్ధంగా ఉంటుంది, ఒక రోజు ముందు ఫోన్ చేస్తే చాలు.

ఇట్లు,
కారు యజమాని,
సీతమ్మధార, విశాఖపట్నం

జతపరిచినవి: జాబ్ కార్డు కాపీ, గ్రీజింగ్ బిల్లు, ఎస్టిమేట్, స్విచ్చి బిల్లు, ఫ్లాట్‌బెడ్ రసీదు, ర్యాంపు మీద చారల ఫొటోలు, ముందు టైర్ల ఫొటోలు, వారంటీ గురించి వచ్చిన మెసేజ్ ప్రింటు. పాత స్విచ్చి నా దగ్గరే భద్రంగా ఉంది, మీ ఇంజినీరుకు సంతకం తీసుకుని అప్పగిస్తాను.