మీడియం పాళీ పెన్ను ఇక రాదు, ఎందుకో చెప్తాను

మొదటిసారి ఫౌంటెన్ పెన్ను కొనేవాళ్ళకి ఇన్నాళ్ళూ నేను ముందుగా చూపించే ఆ చవక పెన్ను ఉంది కదా, స్టీలు మీడియం పాళీది, దాని అమ్మకం ఆపేశాను. స్టాకు ఎప్పుడొస్తుందని చాలామంది అడుగుతున్నారు. త్వరలో వస్తుందని చెప్పి కాలం గడపడం నాకు చేతకాదు. అది రాదు. అదే పెన్ను వేరే పాళీతో, మీడియంకంటే సన్నగా రాసే ఫైన్‌లో మాత్రమే వస్తుంది. ఎప్పటి నుంచో కొంటున్నవాళ్ళకి కారణం తెలియాలి కాబట్టి ఇది రాస్తున్నాను. కాస్త పొడుగ్గానే ఉంటుంది, అంత ఓపిక లేకపోతే చివరి రెండు పేరాలు చూసుకుంటే సరిపోతుంది.

పెన్ను ఒళ్ళు, మూత, ఫీడ్ (పాళీ కింద ఉండి దానికి ఇంకు అందించే గాడి ముక్క) నాకు ఒకచోటి నుంచి వస్తాయి, పాళీలు ఇంకొకరు పంపుతారు. మొదట వచ్చిన పాళీలు బంగారం లాంటివి, ఏ పేచీ లేదు. తర్వాత వచ్చిన లాటుతో ఫిర్యాదులు మొదలయ్యాయి. అందరిదీ ఒకటే మాట: పెన్ను కాగితం మీద పెట్టగానే ఇంకు పడటం లేదు, కొంచెం లాగాక అందుకుంటోంది, ఒకసారి అందుకున్నాక మాత్రం శుభ్రంగా రాస్తోంది. ఒకామె ఫోటో పంపారు. పేజీ నిండా అక్షరాలున్నాయి, తలకట్లు సగం లేవు.

ఇలాంటి ఫిర్యాదు వస్తే మామూలుగా చూసేవి మూడు. కొత్త పెన్ను ఫీడ్‌లో తయారీ నాటి నూనె మిగిలి ఉండొచ్చు, గోరువెచ్చటి నీళ్ళలో ఒక చుక్క గిన్నెలు కడిగే సబ్బు కలిపి కన్వర్టర్‌తో (సీసాలోంచి ఇంకు లాగి నింపుకునే చిన్న గొట్టం) లాగి వదిలితే పోతుంది. కాగితం మీద అరచేతి జిడ్డు అంటి ఉండొచ్చు, పేజీ కింది భాగానికి వచ్చేసరికి పెన్ను మొరాయించడానికి చాలాసార్లు ఇదే కారణం, చేతి కింద ఒక ముక్క కాగితం పెట్టుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది. లేదా పాళీ చీలికలో పాత ఇంకు ఎండిపోయి ఉండొచ్చు. మూడూ చూశాం. వెనక్కి వచ్చిన పెన్నులు కడిగి, ఇంకు మార్చి, కాగితం మార్చి రాస్తే కూడా అదే తంతు.

అప్పుడు భూతద్దం కింద పెట్టి చూస్తే సంగతి బయటపడింది. పాళీ కొసన ఒక చిన్న గట్టి లోహపు గుండు ఉంటుంది, స్టీలు పాళీకైనా బంగారు పాళీకైనా కాగితానికి తగిలేది అదే. దాన్ని పాళీకి అతికించి, మధ్యలో సన్నటి చీలిక కోసి, తర్వాత నునుపు పెడతారు. ఈ నునుపు పెట్టే పని ఎక్కువైతే చీలికకి రెండు పక్కలా ఉన్న లోపలి అంచులు కూడా గుండ్రంగా అరిగిపోతాయి. ఇంకు చీలికలో చివరి దాకా వస్తుంది కానీ కాగితానికి వెంట్రుకవాసి పైన ఆగిపోతుంది. దీన్నే పెన్నుల పిచ్చి ఉన్నవాళ్ళు బేబీస్ బాటమ్, అంటే చంటిపిల్లల పిర్రలు, అంటారు, భూతద్దంలో చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు. నొక్కి రాస్తే కాగితం కాస్త ఆ సందులోకి లేచి ఇంకుని అందుకుంటుంది కాబట్టి బరువు చేతివాళ్ళకి లోపం తెలియనే తెలియదు. తేలిక చేతివాళ్ళకే నరకం. ఫౌంటెన్ పెన్ను కొనమని నేను చెప్పేదే చెయ్యి తేలిక చేసుకోవడానికి!

దీనికి తోడు మన లిపి ఒకటి. ఇంగ్లీషు కలిపిరాతలో పెన్ను ఒక మాట మొత్తం ఎత్తకుండా పోతుంది, మొదట్లో ఒకసారి మొరాయించినా తర్వాత నడిచిపోతుంది. తెలుగులో అక్షరం వేరు, తలకట్టు వేరు, వత్తు వేరు, చాలా అక్షరాలకి పెన్ను ఎత్తి మళ్ళీ పెట్టాలి. పెట్టిన ప్రతిసారీ ఇంకు ఆలస్యంగా అందుకుంటే ముందు పోయేది తలకట్లే, అవి పొట్టి గీతలు కదా, ఇంకు దిగేలోపే గీత అయిపోతుంది. పాళీ పంపినాయన తన పరీక్ష ఎలా చేస్తాడో వీడియో పంపాడు. ఎనిమిది అంకె ఆకారంలో ఆపకుండా గిర్రున తిప్పుతున్నాడు. అలా తిప్పితే గడ్డిపరక కూడా రాస్తుంది.

ఇక ఆయనతో జరిగిన మాటలు. ఇక్కడ నాకు కోపం ఉంది, దాచను. మొదట "మాకు వేరే ఎవరూ ఏమీ అనలేదు" అన్నాడు. ఫోటోలు పంపితే "ఇది అనుమతించే తేడాలోనే ఉంది" అన్నాడు. నునుపు పెట్టే పద్ధతి మార్చారా అని నేను నాలుగు రకాలుగా అడిగాక అప్పుడు ఒప్పుకున్నాడు, పాళీ గీసుకుంటోందని ఇంకెవరో అంటే పాలిషు ఎక్కువసేపు చేయిస్తున్నారట. ఆ మార్పు చేస్తున్నట్టు ఒక్క ముక్క ముందు చెప్పాలని తోచలేదు. అన్నిటికంటే నన్ను పొడిచింది చివరి మాట: "మీ కస్టమర్లు కొత్తవాళ్ళు, కాస్త నొక్కి రాయమని చెప్పండి, ఈ ధరకి ఇంతకంటే ఎవరూ ఆశించరు."

నొక్కి రాయడమా! స్టీలు పాళీని రోజూ నొక్కుతూ పోతే చీలికకి రెండు పక్కలా ఉన్న రేకులు విడిపోతాయి, చీలిక వెడల్పవుతుంది, అప్పుడు ఇంకు కొస దాకా రావడమే మానేస్తుంది. ఫీడ్‌లోని సన్నటి గాడి వెంట ఇంకు కిందికి రావడం, దాని చోటులోకి గాలి పైకి పోవడం, 1884లో అమెరికాలో లూయిస్ వాటర్‌మన్ పేటెంట్ తీసుకున్న ఫౌంటెన్ పెన్నులోనూ జరిగేది ఇదే, ఇప్పుడు మీ జేబులో ఉన్నదానిలోనూ ఇదే. సన్నటి సందుల్లో ఇంకు తనంతట తానే పాకుతుంది. చేతి బరువుకి ఇందులో పని లేదు. పెన్నుని కాగితం మీద వాలుగా ఆనిస్తే చాలు, దాని బరువుతో అదే రాయాలి. రాయకపోతే లోపం పాళీది, రాసేవాళ్ళది ఎప్పుడూ కాదు.

లాటు వెనక్కి తీసుకోనన్నాడు. సరే, ఆయనతో లెక్క అక్కడితో ముగిసింది. నా దగ్గర మాత్రం పాళీలు మిగిలిపోయాయి, వాటిని ఏం చెయ్యాలన్నదే నన్ను నిద్రపోనివ్వలేదు.

ఒక దారి, చేత్తో బాగుచెయ్యడం. చాలా సన్నటి గరుకు ఫిల్మ్ మీద పాళీ కొసని కొద్దికొద్దిగా రుద్దుతూ, మధ్యమధ్యలో భూతద్దంలో చూసుకుంటూ, అరిగిన అంచులు మళ్ళీ కాగితానికి తగిలే దాకా లోహాన్ని తగ్గించాలి. కుదురుతుంది. కొన్ని చేశాను, బాగా రాస్తున్నాయి కూడా. కానీ చవక పాళీ మీద ఆ గుండే చిన్నది, తీసిన లోహం మళ్ళీ పెట్టలేం, ఒక్కో పాళీ ఒక్కో మందంతో తేలుతోంది. మీడియం అని చెప్పి అమ్మి, ఒకరికి సన్నంగా ఒకరికి బద్దగా రాసే పెన్ను ఇవ్వలేను. పైగా ఇంత పని పెట్టుకుంటే అది చవక పెన్ను ఎలా అవుతుంది?

రెండో దారి అందరూ చెప్పింది. సెకండ్స్ అని రాసి, లోపం ముందే చెప్పి, సగం ధరకి అమ్మెయ్. మోసం లేదు, డబ్బూ కొంత వెనక్కి వస్తుంది. ఇంట్లోవాళ్ళు ఇదే అన్నారు, మన పాత కస్టమర్లలో ఇద్దరు ముగ్గురు తామే కొంటామని, తామే బాగుచేసుకుంటామని అడిగారు. దీని గురించి చాలా ఊగిసలాడాను. ఒక రాత్రి ఆ అమ్మకం ప్రకటన రాసి, పొద్దున్నే తీసేశాను కూడా. ఎందుకంటే సగం ధర పెన్నుని ఎక్కువగా కొనేది బాగుచెయ్యడం తెలిసినవాళ్ళు కాదు. ఒకసారి రాసి చూద్దామని సరదా పడే పిల్లలు, పిల్లలకి కొనిచ్చే తల్లిదండ్రులు. ఖరీదైన పెన్ను మొరాయిస్తే కొన్నవాళ్ళు ఊరుకోరు, కడుగుతారు, అడుగుతారు, వెనక్కి పంపుతారు. చవక పెన్ను మొరాయిస్తే డ్రాయర్‌లో పడేసి, ఇంకు పెన్నులంటే ఇంతే, వీటితో పడలేం అనుకుని బాల్ పెన్నుకి పోతారు. వాళ్ళు మళ్ళీ రారు, నా దగ్గరికే కాదు, ఎవరి దగ్గరికీ. అందుకే అన్ని పెన్నుల్లోకీ తలుచుకున్నప్పుడల్లా రాసి తీరాల్సింది చవక పెన్నే అని నా మొండి నమ్మకం. సెకండ్స్ అమ్మను. ఆ పాళీలు డబ్బాలో ఉన్నాయి, ట్యూనింగ్, అంటే పాళీ సరిచెయ్యడం, నేర్చుకుందామని ఎవరైనా వస్తే పాడుచేసుకోవడానికి ఊరికే ఇస్తాను.

కొందరు బంగారు పాళీలకి మారిపొమ్మంటున్నారు. పైన చెప్పాను కదా, కాగితానికి తగిలేది బంగారం కాదు. బంగారం ఇంకుకి తుప్పు పట్టదు, కాస్త మెత్తగా ఉండొచ్చు, నిజమే. కానీ ఇప్పటి స్టీలు పాళీలు మామూలు ఇంకులతో ఏళ్ళ తరబడి పనిచేస్తాయి, సరిగ్గా పాలిషు చేసిన స్టీలు పాళీ, తప్పుగా చేసిన బంగారు పాళీ పక్కపక్కన పెడితే నేను స్టీలే తీసుకుంటాను. "చవక కదా, అంతే మరి" అని ఒక పాత కస్టమర్ నన్ను ఓదార్చడానికి అన్నారు. మంచి మనసుతోనే అన్నారు కానీ ఆ మాట నాకు సప్లయర్ మాటకంటే ఎక్కువ గుచ్చుకుంది. చవకలో మూత మామూలుగా ఉండొచ్చు, క్లిప్పు మామూలుగా ఉండొచ్చు, ఒళ్ళు ప్లాస్టిక్ కావొచ్చు. రాత మామూలుగా ఉండటానికి వీల్లేదు.

కొత్త పాళీ ఇంకొక తయారీదారుది, మన పాత ఫీడ్‌కి సరిపోతుంది. ఫైన్ ఒక్కటే తెస్తున్నాను. మామూలు నోటు పుస్తకాల కాగితం మీద ఇంకు పీచులు పీచులుగా పాకడం, వెనక పేజీకి దిగడం ఫైన్‌తో తక్కువ, మన వత్తులు కూడా పూడుకుపోవు. రంగు ఛాయలు ఎగుడుదిగుడుగా కనిపించే అందం మాత్రం మీడియంలో ఉన్నంత ఉండదు, ఆ సరదా ఉన్నవాళ్ళకి ఇది నష్టమే. పాత దానికంటే కొంచెం బిర్రుగా ఉంటుంది, రాసేటప్పుడు కాగితం స్పర్శ తెలుస్తుంది, అది గీసుకోవడం అనుకోకండి. పాళీ ఖరీదు పెరిగినా పెన్ను ధర పెంచలేదు, దానికి బదులు రేకు డబ్బా తీసేసి మామూలు అట్టపెట్టెలో ఇస్తున్నాను. కన్వర్టర్ తీసేద్దామా డబ్బా తీసేద్దామా అంటే అది ఆలోచించాల్సిన విషయమే కాదు. ఇంకు నింపి అమ్మే చిన్న కార్ట్రిడ్జ్‌లో పట్టేది ముప్పావు మిల్లీలీటరు ఇంకు, కన్వర్టర్‌తో సీసా ఇంకు నింపుకుంటే ఆ సీసా ఎన్నాళ్ళు వస్తుందో వాడినవాళ్ళకి తెలుసు. ప్రతి పెన్నునీ ఇంకులో ముంచి, రాత్రంతా మూతపెట్టి ఉంచి, మర్నాడు బరువు వేయకుండా తలకట్లు గీసి చూశాకే కడిగి పంపుతాను. అందువల్ల పెన్నులో ఎక్కడైనా తడి, చిన్న రంగు మరక కనిపిస్తే అది వాడిన పెన్ను అని అనుమానపడొద్దు. దీనివల్ల ఆర్డర్లు ఆలస్యమవుతాయి, తొందర పెట్టినా లాభం లేదు.

మీడియం పాళీ పెన్ను ఇప్పటికే మీ దగ్గర ఉంటే ఇలా చూసుకోండి. శుభ్రంగా కడిగి, ఇంకు నింపి, రాత్రి మూత పెట్టి ఉంచండి. పొద్దున చేతి బరువు అసలు వేయకుండా వరసగా పొట్టి గీతలు గియ్యండి, ప్రతి గీతకీ పెన్ను ఎత్తి పెట్టండి. మొదటి ఒకటి రెండు పడకపోతే ఫర్వాలేదు, తర్వాత కూడా గీతలు మొదట్లో తెల్లగా ఉండిపోతుంటే అది ఆ లాటు పాళీనే. పంపించండి, కొత్త ఫైన్ పాళీ పెన్ను కావాలంటే పెన్ను, డబ్బు కావాలంటే డబ్బు. బిల్లు, డబ్బా అక్కర్లేదు. నొక్కి నొక్కి రేకులు విడిపోయినా తీసుకుంటాను, మీతో అలా నొక్కించింది ఆ పాళీనే కదా. బొమ్మలకి వాడే ఇండియన్ ఇంకు పోసినవి మాత్రం తీసుకోను. అందులో తరచు లక్క ఉంటుంది, ఫీడ్‌లో గడ్డకడితే ఎంత కడిగినా రాదు. ఆ మాట ప్రతి పెన్నుతో పాటు పెట్టే కాగితం మీద మొదటి వాక్యంలోనే ఉంది.