ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ వద్దు

సంపాదకులకు నమస్కారములు.

తిరుమల మొదటి ఘాట్‌లోనో, శ్రీశైలం, మారేడుమిల్లి, అరకు దారుల్లోనో కొండ దిగేటప్పుడు బండిని న్యూట్రల్‌లో వేసి, కొందరైతే ఇంజిన్‌ను పూర్తిగా ఆపేసి, పెట్రోలు మిగిలిందని తృప్తిపడేవారు ఇప్పటికీ ఎందరో ఉన్నారు. ఇంధనాన్ని గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే కార్బురేటర్ల కాలంలో ఈ అలవాటు ప్రమాదకరమే అయినా, దాని వల్ల కొంత ఇంధనం మిగిలేది. నేటి కార్లలో కార్బురేటర్‌కు బదులు, కంప్యూటర్ అదుపులో ఇంధనాన్ని చిమ్మే ఇంజెక్టర్లు ఉంటాయి కనుక ఆ లెక్క వర్తించదు. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య నియంత్రణ ప్రమాణాలు అమల్లోకి వచ్చాక తయారైన ద్విచక్ర వాహనాల్లో కూడా చాలావాటికి ఇంజెక్టర్ ద్వారానే ఇంధనం అందుతోంది.

ఇలాంటి ఇంజిన్ ఉన్న కారు గేరులో వాలు దిగుతున్నప్పుడు యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే, చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతుంటాయి కనుక ఇంధన సరఫరా దానంతట అదే నిలిచిపోతుంది. న్యూట్రల్‌లో వేస్తే చక్రాలతో సంబంధం తెగిపోయి, ఇంజిన్ ఆగిపోకుండా ఉండేందుకు పెట్రోలు కాలుతూనే ఉంటుంది. పొదుపు కోసం చేసే పనే ఖర్చు పెంచుతోందన్నమాట. అంతకంటే ముఖ్యంగా, ఇంజిన్ పట్టు లేని బండి భారమంతా బ్రేకుల మీదే పడి, అవి వేడెక్కి, మలుపు దగ్గర సరిగా పట్టకపోవచ్చు. ఇంజిన్ ఆపేస్తే రెండు మూడుసార్లు తొక్కేసరికి బ్రేకు పెడల్ గట్టిపడిపోతుంది, పవర్ స్టీరింగ్ కూడా బిగుసుకుంటుంది. కుటుంబమంతా కూర్చున్న బండిలో ఇంతటి సాహసం ఎంతమాత్రం తగదు.

నిజంగా ఇంధనం మిగిల్చే అలవాట్లు వేరే ఉన్నాయి. ముందు సిగ్నల్ ఎర్రగా కనిపించగానే యాక్సిలరేటర్ వదిలేసి గేరులోనే నెమ్మదిగా చేరుకోవడం, ఎక్కువసేపు ఆగవలసి వస్తే ఇంజిన్ ఆపడం, టైర్లలో సరైన గాలి ఉంచడం అందరికీ సాధ్యమయ్యేవే. హైవే మీద వేగం 80 నుంచి 100 కిలోమీటర్లకు పెరిగితే గాలి నిరోధం సగానికి పైగా పెరుగుతుందని తెలిస్తే, తొందర కూడా కాస్త తగ్గుతుంది. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. మన ముడిచమురు అవసరాల్లో 85 శాతానికి పైగా దిగుమతులే తీరుస్తున్నాయి. కనుక ఇది ఒక్కొక్కరి జేబుకు మాత్రమే సంబంధించిన విషయంగా నేను భావించడం లేదు.

ఆర్టీసీ డిపోల్లో ఏ డ్రైవరు లీటరు డీజిలుకు ఎన్ని కిలోమీటర్లు నడిపారో చూస్తారు. ఆ కేఎంపీఎల్ లెక్క సొంత బండి నడిపేవారికి ఎవరూ నేర్పడం లేదు. డ్రైవింగ్ స్కూళ్లు క్లచ్, గేరు, రివర్స్ నేర్పి సరిపెడుతున్నాయి. ఉభయ రాష్ట్రాల రవాణా శాఖలు లెర్నర్ లైసెన్సు పరీక్షలో ఇంధన పొదుపుపై ప్రశ్నలు చేర్చాలని, ప్రతి ఘాట్ పైభాగాన ‘న్యూట్రల్ వద్దు, తక్కువ గేరులో దిగండి’ అని తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డులు పెట్టించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, తిరుపతి