బోరు వేసిన ప్రతిచోటా మట్టి లెక్క రాయించండి

సంపాదకులకు నమస్కారం.

మా ఇల్లు విజయవాడ పాయకాపురంలో. 2024 సెప్టెంబరు 1 ఆదివారం బుడమేరు నీళ్లు మా గుమ్మం దాటాయి. చూస్తుండగానే కింది వాటా కిటికీల దాకా వచ్చాయి. మోయగలిగినవన్నీ పైకి మోశాం: గ్యాస్ బండ, బియ్యం, మందులు, మా అత్తగారి ఫోటో. బీరువా కింది అరలో ఉన్న 14 లెక్కల పుస్తకాలు మాత్రం మర్చిపోయాం. ఈ ఉత్తరం ఆ పుస్తకాల గురించి.

మా ఆయన 1989 నుంచి 2017 దాకా బోర్లు వేశారు. లెక్కలు నేను రాసేదాన్ని. మట్టిలో బోరు కూలకుండా నిలబెట్టే కేసింగ్ పైపు దింపితే అడుగుకు ఒక రేటు, రాయి కొడితే ఇంకో రేటు. ఎన్ని అడుగులు మట్టి, ఎన్ని అడుగులు ఇసుక, రాయి ఎక్కడ తగిలింది అన్నది ఏ రోజుకారోజు రాసుకోకపోతే డబ్బుల దగ్గర పేచీ వచ్చేది. రాత్రి అన్నం తింటూ ఆయన చెప్పేవారు: "పద్దెనిమిది దాకా జిగురు మట్టి, తర్వాత సన్న ఇసుక, ముప్పై ఆరు దగ్గర జల పడింది, నీళ్లు కాస్త ఉప్పన." వీధి పేరు, ఇంటి గుర్తు వేసి నేను ఉన్నదున్నట్టు రాసేదాన్ని. మట్టిలో ఏమైనా వింతగా కనిపిస్తే అదీ చెప్పేవారు, అదీ రాసేదాన్ని. ఆయన పోయి ఐదేళ్లయింది.

వరద తీశాక పుస్తకాలు ఇటుకల్లా బరువెక్కి ఉన్నాయి. ఒక్కో కాగితం విడదీసి పై గదిలో నేలంతా పరిచాను, కరెంటు వచ్చాక ఫ్యాను కింద ఆరబెట్టాను. ఇంకు పెన్నుతో రాసిన మొదటి మూడు పుస్తకాలు నీలం మరకలయ్యాయి. బాల్‌పాయింట్ పెన్నుతో రాసిన 11 నిలిచాయి. పాత కాగితాలవాడికి వేసేద్దామన్నాడు మా అబ్బాయి. వాడి తప్పు లేదు, ఇల్లంతా బురద, ఎవరికీ ఓపిక లేదు. నేనే పడనివ్వలేదు.

ఆ దసరాకి మా మేనకోడలు వచ్చింది. విశాఖలో జియాలజీ చదువుతోంది. కాగితాలు చూసి, "అత్తా, దీన్ని మేం బోరు లాగ్ అంటాం. ఒక్కటి సంపాదించడానికి ఎన్నిచోట్లో తిరుగుతాం. నీ దగ్గర వందలున్నాయి" అంది. ఇద్దరం కూర్చుని నగరం మ్యాపు ఒకటి తెచ్చుకుని, పుస్తకంలో ఉన్న ప్రతి బోరుకీ ఒక చుక్క పెట్టాం. రాయి తొందరగా తగిలిన చోట ఎరుపు, ఇసుక ఉన్న చోట పసుపు, మందంగా జిగురు నల్లమట్టి ఉన్న చోట నలుపు. నాలుగు రోజులు పట్టింది.

అయ్యా, ముప్పై అయిదేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నాను. నా ఊరు ఇలా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

మొగల్రాజపురం, గుణదల, మాచవరం వైపు ఎర్ర చుక్కలు. పటమట, కానూరు, యనమలకుదురు వైపు పసుపు. సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక వైపు నలుపు. మేనకోడలు చెప్పింది విన్నాక అర్థమైంది. కృష్ణమ్మ ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకీ మధ్య ఇరుకులోంచి బయటికొస్తుంది. 1852 నుంచి 1855 దాకా పాత ఆనకట్ట కట్టింది ఆ ఇరుకులోనే. 1952లో అది తెగాక 1957కి ప్రకాశం బ్యారేజీ కట్టిందీ అక్కడే. అది దాటితే నదిని పట్టి ఉంచే కొండల్లేవు, డెల్టా మొదలవుతుంది. ఒక్కో కాలంలో ఒక్కో దారిన పారుతూ నది ఇసుక పరుచుకుంటూ పోయింది, అదే పటమట వైపు మాకు పడిన ఇసుక. మా వైపు పల్లం. నిదానంగా నిలిచిన నీళ్లలోంచి సన్న బురద పేరుకుని నల్లమట్టి అయింది.

నల్ల చుక్కల మధ్య ఒకచోట సన్నగా దారంలా పసుపు చుక్కలు వచ్చాయి. మా వీధికి రెండు వీధుల అవతల. ఆ చుక్కలున్న బోర్లు పుస్తకంలో తిరగేసి చూస్తే, ఐదింటిలో ఒకే మాట ఉంది: "ఆరు అడుగుల దగ్గర ఇసుక, నత్త గుల్లలు." వేరువేరు సంవత్సరాల్లో, వేరువేరు ఇళ్ల దగ్గర వేసిన బోర్లు అవి. ఎప్పుడో అక్కడ ఏరు పారి ఉంటుందని, గుల్లలు అలాగే మిగులుతాయని మేనకోడలు చెప్పింది. సెప్టెంబరు 1న నీళ్లు మొదట ఆ వీధిలోంచే వచ్చాయి. ఆఖరున తీసిందీ ఆ వీధిలోనే. అది విన్నాక నాకు చాలాసేపు మాట రాలేదు. మా ఆయన రాయించిన మాట మా ఇంట్లోనే, బీరువా కింది అరలోనే ఉంది. ఒక్కరోజు కూడా దాన్ని ఆ కంటితో చూడలేదు.

బుడమేరు గురించి చాలామంది రాశారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరుకి పోయే ఏరు అది. వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర నీటిని మళ్లించి, డైవర్షన్ కాలువ ద్వారా ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుపుతారు. అప్పటికి ఆ కాలువ 15 వేల క్యూసెక్కులకు సరిపోయేది. ఆ రోజుల్లో అంతకు రెట్టింపు పైగా వచ్చింది, ఎడమ గట్టుకు మూడు గండ్లు పడ్డాయి. పూడ్చడానికి సైన్యం రావాల్సి వచ్చింది. అటు చూస్తే కృష్ణ కూడా నిండుగా ఉంది. సెప్టెంబరు 2న బ్యారేజీకి 11 లక్షల 43 వేల క్యూసెక్కులు వచ్చాయి. నది అంత ఎత్తున ఉంటే కాలువ నీళ్లు అందులోకి ఎలా దిగుతాయి? దిగలేని నీళ్లు పాత దారి పట్టి మా మీదికి వచ్చాయి.

వచ్చిన నీళ్లు అన్ని రోజులు ఎందుకు నిలిచాయో మాత్రం ఎవరూ మాకు చెప్పలేదు. మా కింద పదిహేను నుంచి ఇరవై అడుగుల జిగురు మట్టి ఉంది. తడిస్తే ఉబ్బి మూసుకుపోతుంది, ఒక్క చుక్క కిందికి దిగనివ్వదు. పక్కకు పోవడానికి వాలు లేదు. ఏలూరు కాలువ అడ్డం, దాని కిందుగా ఎనికేపాడు దగ్గర ఉన్న తూముల్లోంచి కొల్లేరు వైపు వెళ్లాలి. నీళ్లు మోటార్లు పెట్టి తోడాల్సిందే.

మరి అలాంటి చోట కూడా ప్రతి ఇంటికీ ఆరడుగుల ఇంకుడు గుంత తవ్వించమంటారు. మేమూ ఒకప్పుడు తవ్వించాం. మొదటి వానకే నిండింది, నెల దాకా ఇంకలేదు, దోమలు పట్టాయి, పూడ్చేశాం. గుంత మంచిదే. పటమటలో మా ఆడపడుచు ఇంట్లో అదే కొలతతో తవ్వితే రాత్రికి రాత్రి ఇంకిపోతుంది, వేసవిలో వాళ్ల బోరు ఎండదు. మా దగ్గర ఇంకాలంటే జిగురు పొర దాటి ఇసుక దాకా బోరు దింపి, అందులోకి వడకట్టిన వాన నీరు వదలాలి. ఒకే ఊళ్లో మట్టి ఇంత మారుతుంటే అందరికీ ఒకే గుంత చెబితే ఎలా?

కొండ వైపు సంగతి వేరు. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండరాళ్లు ఇళ్ల మీద పడి మనుషులు పోయారు. మన కొండల్లో ఎక్కువగా ఉండే రాయిని ఖోండలైట్ అంటారు. ఒడిశాలోని ఖోండు గిరిజనుల పేరు మీద 1902లో వాకర్ అనే శాస్త్రవేత్త ఆ పేరు పెట్టారు. చూడ్డానికి గట్టిగా ఉంటుంది కానీ ఏళ్ల తరబడి వానకి నాని లోపల తెల్ల సుద్దగా మారుతుంది. ఆ సుద్దలోకి నీళ్లు దిగితే పైనున్న బండకి పట్టు జారుతుంది. మా పుస్తకాల్లో కొండ కింది బోర్లలో "రాయి, మళ్లీ సుద్ద, మళ్లీ రాయి" అని నాలుగైదుచోట్ల ఉంది. కొండ తొలిచి గోడ లేపేముందు ఆ మాట ఇంటివాళ్లకి తెలిస్తే కొంతైనా జాగ్రత్త పడతారు కదా.

మా పుట్టిల్లు రేపల్లె దగ్గర. అక్కడ పిల్లలకు కూడా తెలిసిన సంగతి, పై ఇసుకలో మంచినీళ్లు, లోతుకు పోతే ఉప్పు. మా నాన్న ఫిల్టర్ పాయింట్, అంటే ఇసుకలో తక్కువ లోతుకు దింపే జల్లెడ పైపు బోరు, వేయించినప్పుడు ఇరవై అడుగుల దగ్గర ఆపమని పనివాళ్లను బతిమాలారు. పక్క చేలో ఆయన ఇంకా దింపారు, రెండేళ్లకి ఉప్పొచ్చింది. ఉప్పు నీటి మీద మంచినీరు తేలుతుందట. సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీరు తగ్గితే, కింద ఉప్పు నలభై అడుగులు పైకి వస్తుందని మేనకోడలు లెక్క వేసి చూపింది. మా నాన్నకి ఆ లెక్క తెలియదు, పక్క ఊరి బావుల సంగతి తెలుసు. ఆ సంగతి రాసి పెట్టినవాళ్లు ఎవరూ లేరు కాబట్టి ఆయనతోనే పోయింది.

నేను అడిగేది ఇది. 2002లో వచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ) చట్టం ప్రకారం బోరు వేయాలంటే అనుమతి తీసుకోవాలి, బోరు బండిని రిజిస్టర్ చేయించాలి. ఆ అనుమతి కాగితంతో పాటు ఇంకొక్క కాగితం పెట్టండి. ఏ తేదీన, ఏ వీధిలో, ఎన్ని అడుగులకు ఏ మట్టి, కేసింగ్ ఎంత దించారు, జల ఎక్కడ పడింది, నీళ్ల రుచి ఏమిటి. తెలుగులో, బండి మీద కుర్రాడు కూడా నింపగలిగేలా ఉండాలి. బోరు పడలేదా, అదీ రాయాలి, పడని బోరు కూడా మట్టి సంగతి చెబుతుంది. ఒక కాపీ ఇంటివాళ్లకి, ఒకటి వార్డు సచివాలయానికి, ఒకటి భూగర్భ జల శాఖకి ఇవ్వాలి. ఇల్లు కొనేవాళ్లు, కట్టేవాళ్లు ఎవరడిగినా చూపించాలి. బోరు బండ్లవాళ్లకి ఇది కొత్త పని కాదు, బిల్లు కోసం అందరూ ఏదో ఒక పుస్తకంలో రాసుకుంటూనే ఉన్నారు. బండి అమ్మేసిన రోజున ఆ పుస్తకం పోతోంది, అంతే.

ఇంకో మాట. వరదలో మునిగిన బోర్లలోకి పైపు మూత దగ్గర్నుంచి మురుగు దిగింది. మా వీధిలో చాలామంది బ్లీచింగ్ వేయకుండానే వాడేశారు. కేసింగ్‌ని వరద గుర్తు కంటే పైకి లేపించి, గట్టి మూత పెట్టించుకోండి. ఖర్చు పెద్దది కాదు.

విజయవాడ, గుంటూరుల్లో పాత బోరు లెక్కలున్న కుటుంబాలు ఉంటే దయచేసి పారేయకండి. మా 11 పుస్తకాలు కాలేజీ పిల్లలు వచ్చి ఫోటోలు తీసుకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు. మీ కార్యాలయం ద్వారా కబురు చేస్తే చాలు. మిగతా మూడింటిలో నీలం మరకల కింద గీతలు ఇంకా కనిపిస్తున్నాయి. తడిసిన ఇంకుని చదవడం తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే ముందు వాళ్లని రమ్మనండి. 1989 నాటి బోర్లు అందులోనే ఉన్నాయి.

ఇట్లు
బోరు బండి లెక్కలు రాసిన ఒక ఇల్లాలు
పాయకాపురం, విజయవాడ